రంగం నగలు కరిగిపోతున్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక జిల్లా ఎడిషన్ మొదటి పేజీ నిండా ఒక నగల షాపు ప్రకటన వచ్చింది. మీ ఇంట్లో మూలపడి ఉన్న పాత బంగారం తీసుకురండి, తరుగు లేకుండా కొత్త డిజైన్ పట్టుకెళ్ళండి అని. ఆ పేజీ చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ప్రకటన వేసినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, పత్రిక నడవాలంటే ప్రకటనలు ఉండాలి. ఆ షాపు వాళ్ళనీ అనను, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ ఆ 'మూలపడి ఉన్న పాత బంగారం'లో మా తాతలు బర్మాలోని రంగూన్ నుంచి తెచ్చిన నగలూ ఉన్నాయని, అవి కరిగిపోతే మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి ఏం పోతుందో మీ పాఠకులకి చెప్పాలి. అందుకు మా ఇంట్లో జరిగిన సంగతే రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. కత్తిరించకుండా వేయగలిగితే వేయండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మాది కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరూ నా పేరూ వేయవద్దని మనవి. రాస్తున్నది ఇంట్లో ఉన్న బంగారం గురించి. రోజులు ఎలా ఉన్నాయో మీకు తెలుసు.

మా ఇంట్లో ఒక హారం ఉంది. రంగం హారం అంటాం. మా వైపు పెద్దవాళ్ళెవరూ రంగూన్ అనరు, రంగం అంటారు. 'ఆడు రంగం ఎలిపోయినాడు' అంటే అప్పులు తీర్చడానికి ఓడెక్కాడని అర్థం. మా తాత అలా వెళ్ళినవాడే. మొదట బియ్యం మిల్లులో కూలీ, తరవాత అదే మిల్లుకి కూలీలని పోగుచేసి పెట్టే మేస్త్రీ అయ్యాడు. మా నాన్న 1929లో పుట్టారు. బాలసారెకి తాత కళింగపట్నం రేవులో దిగి, టేకు పెట్టెలో ఈ హారం పెట్టుకుని ఇంటికి వచ్చాడట. ఇప్పుడు కళింగపట్నం వెళితే లైట్‌హౌసూ బీచూ తప్ప ఏమీ కనపడవు గానీ, ఆ రోజుల్లో రంగూన్ స్టీమర్లు అక్కడ ఆగేవి. బారువ, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ, అన్ని రేవుల్లోనూ జనం ఎక్కేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ పట్నంలో సగానికి పైగా భారతీయులే ఉన్నారంటే ఎంతమంది వెళ్ళి ఉంటారో ఆలోచించండి.

హారం ఎలా ఉంటుందో చెప్పాలి. ముత్యపు చిప్ప పొదిగిన బంగారు హారం. చూడనివాళ్ళు ముత్యపు చిప్ప హారం అంటే పూసల గొలుసు అనుకుంటారు, అది కాదు. ఏడు బిళ్ళలు వరసగా ఉంటాయి. నడిమి బిళ్ళ పాత వెండి రూపాయంత, అటూ ఇటూ వెళ్ళేకొద్దీ చిన్నవవుతాయి. బిళ్ళ అంటే రేకు కాదు, అంతా తీగే. దూరం నుంచి చూస్తే పలచటి జాలీలా ఉంటుంది. స్కూల్లో వాడిన భూతద్దం నా దగ్గర ఇప్పటికీ ఉంది, దానితో చూస్తే అసలు పని కనపడుతుంది. ఒక్కో తీగా రెండు సన్నని తీగల్ని కలిపి పేనింది. పేని, నొక్కి, చపటా చేశారు. అందుకని అంచు మీద ఇసుక రేణువుల్లాంటి చుక్కల వరస తేలుతుంది. ఆ తీగని జంతిక చుట్టినట్టు లోపలికి చుట్టి, ఒక దాని పక్కన ఒకటి ఇరికించి, చుట్టూ కాస్త లావు తీగతో కట్టు కట్టారు. ప్రతి బిళ్ళ మధ్యలో మల్లెరేకుల్లా కోసిన అయిదు ముత్యపు చిప్ప ముక్కలు. గోరు మందం ఉంటాయి. మొత్తం 35 రేకులు. దీపం వెలుగులో పక్కకి తిప్పితే ముందు తెల్లగా, తరవాత లేత గులాబీగా, ఇంకొంచెం తిప్పితే చిలకాకుపచ్చగా కనపడతాయి. చిన్నప్పుడు మామ్మ ఒళ్ళో కూర్చుని నేను ఆడిన ఆట అదే. ఏ రంగు వస్తుందో ముందే చెప్పాలి.

ఆ రంగులు ఎలా వస్తాయో తరవాత పిల్లలకి చెప్పాను. ముత్యపు చిప్ప లోపలి పొర అంతా కాల్షియం కార్బొనేటు పలకలే. ఒక్కో పలక మందం వెంట్రుకలో వందో వంతు కంటే తక్కువ. వాటిని ఇటుకల్లా పేర్చి మధ్యలో జిగురులాంటి పదార్థంతో అతికిస్తుంది ఆ జీవి. ఒక్కో పొర మీద పడి తిరిగి వచ్చే వెలుగులు ఒకదాన్నొకటి కలుస్తాయి, అందుకే రంగు మారుతుంది. పైన పూసిన రంగేమీ లేదు. బర్మా దక్షిణం కొసన మెర్గుయ్ దీవులున్నాయి, పళ్ళెమంత ముత్యపు చిప్పలకి ఆ సముద్రం పేరు పడింది. రంగూన్ బజారులో నగలు చేసేవాళ్ళకి ఆ సరుకు దగ్గర.

మామ్మ చదువుకోలేదు. కానీ ఆ హారం గురించి ఒక మాట నూరు సార్లు చెప్పింది. 'ఓలే గుంటా, దీన్ని పులుపుకి సూపించకు, మంటకి సూపించకు.' మిగతా నగలన్నీ పండగ ముందు రోజు కుంకుడు రసంలో వేసి కడిగేది. దీన్ని మాత్రం పక్కన పెట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ పొందూరు ఖద్దరు ముక్కతో ఒక్కో బిళ్ళా తుడిచేది. వంటింట్లోకి వెళ్ళేటప్పుడు మెళ్ళోంచి తీసేది. అది మామ్మ పట్టింపు అనుకున్నాం.

ఆమెకి ఆ హారమంటే అంత ప్రాణం ఎందుకో తెలియాలంటే తరవాత కథ చెప్పాలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ చోట బర్మా వాళ్ళని పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే ఆ బర్మా వాళ్ళని పొమ్మన్నారు. దాంతో గొడవలు రేగి మనవాళ్ళు చాలామంది చనిపోయారు. కబురు మా ఊరికి చేరేసరికి తాత ఉన్నాడో లేడో తెలియక మామ్మ మూడు వారాలు అన్నం సరిగ్గా తినలేదట. ఆయన బతికాడు. వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. వెళ్ళకపోతే భూమి తాకట్టు విడవదు. ఆ తాకట్టుకి ఈ హారం అమ్మేద్దామని తాతే అన్నాడట. మామ్మ ఒప్పుకోలేదు. 1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఆ తరవాత నెలల్లో బర్మా నుంచి సుమారు 5 లక్షల మంది భారతీయులు బయటపడ్డారు, ఎక్కువమంది కాలినడకనే. దారిలో కలరాకీ ఆకలికీ పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. తాత అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ చేరి, రైలూ పడవా పట్టుకుని, 1942 వేసవిలో ఇంటికొచ్చాడు. చేతిలో ఒక సత్తు గిన్నె, భుజం మీద ఒక గొంగళి. పదమూడేళ్ళ మా నాన్న ఆయన్ని గుర్తుపట్టలేదు.

ఆ ఏడాదే ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. తీరం పొడుగునా జనం లోపలి ఊళ్ళకి పరుగులు పెట్టారు. మామ్మ ఆ హారాన్ని పాత గుడ్డలో చుట్టి, ధాన్యం గాదెలో అడుగున పెట్టింది. తాత వచ్చి కాళ్ళు కడుక్కున్నాక గాదెలోంచి తీసి ఆయన ముందు పెట్టిందట. రంగంలో ఆయన సంపాదించినదాంట్లో కళ్ళకి కనపడేది అదొక్కటే మిగిలింది. మిల్లు లేదు, గది లేదు, దాచుకున్న డబ్బు లేదు, ఒక్క రసీదు ముక్క కూడా లేదు.

ఇక్కడే నా అసలు మాట ఉంది ఎడిటర్ గారూ. మా జిల్లాల నుంచి రంగం వెళ్ళినవాళ్ళ చరిత్ర కాగితాల మీద చాలా తక్కువ. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది వేలిముద్ర వేసినవాళ్ళు. ఉత్తరాలు రాయలేదు, డైరీలు రాయలేదు. వాళ్ళు వెళ్ళారనీ, బతికారనీ, ఇంటి మీద ప్రాణం పెట్టుకున్నారనీ చెప్పడానికి మిగిలినవి ఇళ్ళల్లో ఉన్న వస్తువులే. టేకు పెట్టెలు, లక్క డబ్బాలు, పట్టు లుంగీలు, ఇలాంటి నగలు. పెట్టెలు చెద పట్టాయి, లుంగీలు చిరిగిపోయాయి. బంగారం చెడదు కాబట్టి నగ మిగులుతుంది అనుకుంటాం. కానీ అన్నిటికంటే త్వరగా మాయమవుతున్నది నగే. ఎందుకంటే దానికి రేటు ఉంది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. పోయిన ఏడాది మాఘమాసంలో మా చిన్నమ్మాయి పెళ్ళి పెట్టుకున్నాం. హారం కొక్కెం విరిగింది. ఇంటి పనుల టెన్షన్‌లో ఉండి, పట్నంలో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్ళాను. పేరు రాయను, రాయడం నా ఉద్దేశం కాదు. కౌంటర్ దగ్గర అబ్బాయి చాలా మర్యాదగా ఉన్నాడు. 'కొక్కెం అతికించి మెరుగు పెట్టి ఇచ్చేస్తాం మేడమ్, గంట పని' అన్నాడు. నేను సరే అన్నాను. పులుపు, మంట అన్న మామ్మ మాట ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. గంటన్నర తరవాత తెచ్చి ఇచ్చాడు. కొక్కెం బాగానే ఉంది, బంగారం తళతళలాడుతోంది. కొక్కేనికి ఆనుకుని ఉన్న చివరి బిళ్ళలో మూడు రేకులు మాత్రం పాలిపోయి, అంచులు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఎటు తిప్పినా ఒకటే రంగు. మిగతా రెండు రేకులు లేవు. అడిగితే లోపలికి వెళ్ళి కాగితం పొట్లంలో నాలుగు పెచ్చులు తెచ్చి ఇచ్చాడు.

ఏం జరిగిందో నాకు చెప్పాల్సిన పని లేదు. టంకం, అంటే అతుకు వేసే లోహం, కరగడానికి ఊదిన మంట పక్కనున్న చిప్పకీ తగిలింది. అతుకు నలుపు పోవడానికి ఆ కొసని ఆమ్ల ద్రావకంలో ముంచారు. ప్రతి ఏటా ఎనిమిది, పదో తరగతుల పిల్లల ముందు నేను చేసిన ప్రయోగమే ఇది. పరీక్షనాళికలో సున్నపురాయి ముక్క వేసి సజల ఆమ్లం పోస్తే బుసబుసమని బుడగలు. మా తీరంలో గవ్వల్నీ ఆల్చిప్పల్నీ బట్టీలో కాల్చి గుల్ల సున్నం చేసేవారు, తాంబూలంలోకి అదే. చిప్పని మంటలో పెడితే సున్నం దారి పడుతుంది. ఆ సంగతి నేను 31 బ్యాచ్‌లకి చెప్పాను. మామ్మ ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ రాత్రి ఆ పొట్లం విప్పి పెచ్చుల్ని దీపం దగ్గర తిప్పి చూశాను, ఒక్కదాంట్లో కొసన కొంచెం గులాబీ రంగు ఇంకా మిగిలి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు షాపుకి వెళితే మేనేజరు గారు బాధపడ్డారు. బాధపడి ఒక దారి చెప్పారు. 'చిప్పలకి రేటుండదమ్మా. అన్నీ తీయించేసి అమెరికన్ డైమండ్స్ పెట్టిద్దాం. లేదంటే మార్చేసుకోండి, పెళ్ళికూతురికి కొత్త మోడల్ వస్తుంది.' అని తూకం వేయించారు. 38 గ్రాములు. చిప్పల కింద 7 గ్రాములు తీసేశారు. మీటరు కింద పెడితే ఒక చోట 21 క్యారెట్లు, అతుకుల మీద 17 చూపించింది. అందుకని అంతటికీ 18 కట్టి లెక్క రాసి ఇచ్చారు. మా అమ్మాయి కూడా 'అమ్మా, ఎలాగూ పాడైంది కదా, మార్చేద్దాం' అంది. దానిదీ తప్పు కాదు. ఆ కాగితం మీద ఉన్న అంకె చూస్తే ఎవరైనా అదే అంటారు. ఆ కాగితంలో గాదె లేదు, సత్తు గిన్నె లేదు.

నేను ఇవ్వలేదు. నరసన్నపేటలో ఒక సందులో కంసాలి పని చేసే పెద్దాయన ఉన్నారని నా పాత స్టూడెంటు చెబితే అక్కడికి వెళ్ళాను. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. హారం చేతికివ్వగానే తూకం వేయలేదు. ముందు తిరగేసి వెనక వైపు చూశారు. 'టీచరమ్మా, పనోడి నిజం ఎనకాల ఉంటాది' అన్నారు. ఆ తరవాత దాదాపు గంటసేపు నాకు పాఠం చెప్పారు. బంగారాన్ని కడ్డీ పోసి, కమ్మచ్చులో, అంటే రంధ్రాలున్న ఉక్కు పలకలో, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి ఒక్కోటీ దాటిస్తూ లాగాలి. మధ్య మధ్యలో కాల్చి మెత్తబరచాలి, లేకపోతే పుటుక్కున తెగుతుంది. ఒక్క గ్రాము బంగారం సుమారు 2 కిలోమీటర్ల తీగ సాగుతుందని తొమ్మిదో తరగతికి నేను చెప్పిన పాఠం, దాన్ని చేత్తో సాగదీసిన మనిషిని అప్పుడే చూశాను. చుట్టలన్నీ కట్టులో సర్దాక టంకాన్ని పొడి చేసి, వెలిగారంతో కలిపి చల్లి, ఊదుగొట్టంతో ఊదాలి. ఒక్క ఊపిరి ఎక్కువైతే తీగ కరిగి ముద్దవుతుంది, తక్కువైతే అతకదు. చిప్పలు చివరి పని. మంటతో పనంతా అయిపోయి, కడిగి, ఆరాక గానీ చిప్పని దగ్గరికి రానివ్వరు. టంకంలో రాగీ వెండీ కలుస్తాయి కాబట్టి తీగపని నగని కరిగిస్తే క్యారెట్ తగ్గుతుంది. 'ఇందులో మజూరీయే ఆస్తి. కరిగిస్తే ఉన్న ఆస్తి పోతాది, బంగారమూ తక్కువే వస్తాది' అన్నారు.

ఈ పని మీరు చేస్తారా అని అడిగాను. వాళ్ళ నాన్న చేసేవారట. 1963 జనవరిలో బంగారం కంట్రోలు వచ్చింది, 14 క్యారెట్లకి మించి కొత్త నగ చేయకూడదన్నారు. దేశమంతా కంసాలుల కుంపట్లు చల్లారాయి. వాళ్ళ నాన్న పనిముట్లు మూట కట్టి అటక మీద పెట్టి నెల్లిమర్లలో జూట్ మిల్లు పనికి వెళ్ళారు. ఆ 14 క్యారెట్ల నిబంధన 1966లోనే తీసేశారు, కంట్రోలు చట్టం 1990 దాకా ఉంది. ఈలోగా తీగ లాగే చెయ్యి పోయింది. ఈయన కమ్మలు, పుస్తెలు, ఉంగరాల రిపేర్లతో బతుకు లాగారు. ఆ కమ్మచ్చు మాత్రం చూపించారు. ఉక్కు పలక, వరసలో రంధ్రాలు, చిన్న రంధ్రాలు తుప్పుతో మూసుకుపోయాయి.

తీగపని బతికిన చోట్లు ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగపనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. మా పొరుగు రాష్ట్రం ఒడిశాలోని కటక్ వెండి తీగపనికి, తారకాసి అంటారు, 2024లో వచ్చింది. ఆ పనివాళ్ళు వెండితో చేస్తారు, అయితే తీగ భాష ఒకటే. మా బుడితి కంచు, బొబ్బిలి వీణ గుర్తింపు తెచ్చుకున్నాయంటే చేసే చేతులు ఇంకా ఉండబట్టే.

పెద్దాయన ఆ హారానికి మంట పెట్టలేదు. పాత అతుకుని వదిలేసి, పక్కన చిన్న వలయం వేసి పట్టకారుతో బిగించి, కొక్కెం పట్టు సరిచేశారు. పోయిన రేకుల చోట ఏం పెట్టమంటారని అడిగారు. ఏమీ వద్దన్నాను. పెళ్ళినాడు మా అమ్మాయి అదే వేసుకుంది. ఆ బిళ్ళ మెడ వెనక్కి, జడ కిందికి వెళ్ళింది.

అప్పటి నుంచి నేను కలిసిన ప్రతివాళ్ళనీ అడుగుతున్నాను, మీ ఇంట్లో రంగం వస్తువు ఏమైనా ఉందా అని. పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. ఆమదాలవలస దగ్గర ఒకమ్మాయి అత్తవారింట్లో ఆకుపచ్చ బర్మా రాయి పొదిగిన కమ్మలు ఉండేవట, మూడేళ్ళ కింద మార్చేశారు, రాళ్ళు ఏమయ్యాయో అడగనే లేదు. చీపురుపల్లిలో నాతో పని చేసిన మేడమ్ గారి ఇంట్లో ముత్యపు చిప్ప గుండీలు, వాళ్ళ మావగారి తండ్రివి, భద్రంగా ఉన్నాయి. సోంపేట నుంచి ఒకబ్బాయి వాళ్ళ ముత్తవ్వ ఫొటో పంపాడు. మెళ్ళో మా హారం లాంటిదే ఉంది. హారం లేదు, ఫొటో ఉంది. ఆ ఫొటో చూసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. నలభై మందిలో తొమ్మిది ఇళ్ళు అలా తేలాయి. అయిదు ఇళ్ళల్లో వస్తువు ఇప్పటికే కరిగిపోయింది.

అప్పు అవసరం నాకు తెలియనిది కాదు. పిల్లల ఫీజుకీ ఆసుపత్రికీ బంగారమే దిక్కు. తాకట్టు పెట్టేటప్పుడు లోపలున్న బంగారం విలువే లెక్క కడతారు, రాళ్ళకీ చిప్పలకీ కట్టకూడదు, అది రిజర్వ్ బ్యాంకు నిబంధనే. అప్పుకి ఆ లెక్క సరైనదే. అయితే 2025లో వచ్చిన ఆదేశాల్లో నగ అంచనా మన ఎదుటే వేయాలనీ, ఆ వివరాలతో పత్రం ఒకటి మనకివ్వాలనీ ఉంది. ఆ పత్రం అడిగి తీసుకోండి. చిప్పలు, రాళ్ళు ఎన్ని ఉన్నాయో ఇచ్చేటప్పుడే రాయించండి. విడిపించుకున్న రోజు లెక్క పెట్టుకోవచ్చు.

హాల్‌మార్క్ లేదు కాబట్టి ఈ పాత నగ ఇంట్లో ఉంచుకోకూడదని షాపు వాళ్ళు భయపెడితే నమ్మవద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే కోడ్‌తో హాల్‌మార్క్ తప్పనిసరి అన్నది షాపులు అమ్మే నగలకి. మామ్మ ఇచ్చిన నగకి కాదు. స్వచ్ఛత తెలుసుకోవాలంటే హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎవరైనా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ఇంకొకటి, ఈ మధ్య పాత నగల ఫొటోలు అడిగి, విదేశాల్లో మంచి రేటుకి అమ్మిపెడతామని ఫోన్లు చేసేవాళ్ళు తయారయ్యారు. నాకూ వచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుని ప్రైవేటు వాళ్ళు దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. మా హారానికి 2029 నాటికి వందేళ్ళు నిండుతాయి.

షాపుల వాళ్ళకి నాదొక విన్నపం. రిపేరుకి తీసుకునేటప్పుడు రసీదు మీద తూకం ఒక్కటే రాస్తున్నారు. నగలో బంగారం కానిది ఏముందో, మంట పెడతారో లేదో, ద్రావకంలో ముంచుతారో లేదో కూడా రాయండి. ముత్యం, పగడం, చిప్ప ఉన్నవాటిని అందరి నగలతో పాటు నగలు కడిగే ఆ అదిరే నీళ్ళ మిషన్‌లో వేయకండి. కౌంటర్లో నిలబడే పిల్లలకి ఈ ఒక్క ముక్క నేర్పితే చాలు. కావాలంటే నేను వచ్చి చెబుతాను, సున్నపురాయి ముక్కా పరీక్షనాళికా నా దగ్గరే ఉన్నాయి.

పాత నగ మార్చక తప్పని ఇంటివాళ్ళు మార్చుకోండి, కాదనడానికి నేనెవరిని. షాపుకి వెళ్ళే ముందు రోజు మాత్రం పగటి వెలుతురులో దాన్ని తెల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన స్కూలు స్కేలు పెట్టి ముందూ వెనకా ఫొటో తీయండి. ఎవరు తెచ్చారు, ఎవరు వేసుకున్నారు, ఏ రేవులో దిగారు, ఇంట్లో పెద్దవాళ్ళు బతికి ఉంటే అడిగి నాలుగు ముక్కలు రాసి పెట్టండి. అడగాల్సినవాళ్ళకి ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్ళున్నాయి.

మీకు నా కోరిక ఇది. మా ఊరికి దగ్గరలోనే శాలిహుండం కొండ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధుల కుండ పెంకులు కూడా అక్కడ మ్యూజియంలో జాగ్రత్తగా పెట్టారు, నా పిల్లల్ని ఎన్నోసార్లు తీసుకెళ్ళి చూపించాను. మా తాతల నాటి రంగం ప్రయాణానికి మా రెండు జిల్లాల్లో అలాంటి చోటు నాకు కనపడలేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీ వాళ్ళో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర శాఖ వాళ్ళో పూనుకుని ఏడాదికి ఒక రోజు శ్రీకాకుళంలో, ఒక రోజు విజయనగరంలో కూర్చుంటే, జనం తమ వస్తువులు తెచ్చి చూపించుకుని, ఫొటో తీయించుకుని, తిరిగి పట్టుకుపోతారు. ఎవరి వస్తువునీ ఎవరూ తీసుకోనక్కర్లేదు. అది జరిగేదాకా మీ జిల్లా ఎడిషన్లో ఆదివారం నాడు ఒక చిన్న గడి కేటాయించండి. వారానికి ఒక రంగం వస్తువు, దాని ఫొటో, పది వాక్యాలు. పేర్లు, ఊళ్ళు వద్దన్నవాళ్ళవి వేయవద్దు.

మొదటి గడికి మా హారం ఫొటోలు రెండు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఒకటి ముందు వైపుది, ఒకటి వెనక వైపుది, పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు ఉంది. ముందు వైపు ఫొటోలో కుడి చివర రెండు రేకుల చోటు ఖాళీగా కనపడుతుంది. దాన్ని కత్తిరించకుండా వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచరు,
శ్రీకాకుళం జిల్లా